హర్కంద్ సముద్రం – మన బంగాళాఖాతం కథ



వార్షిక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం ఇవ్వవలసిందిగా మిత్రులు కోరారు. చరిత్ర అంటే సాధారణంగా రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. వాటిని గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు. మేము ఈ పర్యాయం ఒక సముద్రాన్ని గురించి వ్రాయదలచాము. అది ఎక్కడో దూరాన ఉన్న సముద్రం కాదు. ఇచ్ఛాపురం మొదలు తడ వరకు మనకు తూర్పు హద్దుగా ఉన్న బంగాళాఖాతమే.

ఉర్దూ మీడియం తరగతులలో మేము దీన్ని ఖలీజ్-ఎ-బంగాల్ అని చెబుతాము. భూగోళం పుస్తకంలో దీనికి నాలుగైదు వాక్యాలు మాత్రమే ఉంటాయి. ఏ నదులు కలుస్తాయి, ఏ రేవులు ఉన్నాయి, అంతే. తరువాత చరిత్ర పుస్తకం తీస్తే, 1498లో వాస్కోడిగామా భారతదేశానికి సముద్రమార్గం కనుగొన్నాడని ఉంటుంది. ఈ రెండు పాఠాల మధ్య కనీసం పదిహేను వందల సంవత్సరాల కథ ఒకటి జారిపోయింది. పిల్లలు మాత్రం ఊరుకోరు. "అంతకుముందు ఓడలు లేవా సార్?" అని అడుగుతారు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు.

ఒక మాట గమనించండి. తెలుగులో 'కనుక్కోవడం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఎవరికీ తెలియనిదాన్ని మొదట చూడడం ఒకటి. తెలిసినవారిని అడిగి తెలుసుకోవడం రెండవది. ఉర్దూలో 'దర్యాఫ్త్' అనే మాటకు కూడా సరిగ్గా ఈ రెండు అర్థాలే. బంగాళాఖాతాన్ని మొదటి అర్థంలో కనుక్కొన్న మనిషి ఎవరూ లేరు. దీని ఒడ్డున మనుషులు ఎప్పటినుంచో ఉన్నారు. రెండవ అర్థంలో కనుక్కొన్నవారు మాత్రం వేలమంది. ఒకరిని ఒకరు అడిగి, విన్నది సరిచూసుకొని, తరువాతి వారికి అప్పగించి, ఈ సముద్రాన్ని నేర్చుకొన్నారు. అసలు కథ అదే.

అఖాతం స్వరూపం

మూడు వైపుల నేల ఉండి, ఒకవైపు తెరచి ఉన్న సముద్ర భాగాన్ని అఖాతం అంటారు. ప్రపంచంలోని అఖాతాలన్నిటిలో బంగాళాఖాతమే పెద్దది. దీని వైశాల్యం సుమారు 21 లక్షల 70 వేల చదరపు కిలోమీటర్లు. పడమట భారతదేశం, శ్రీలంక, ఉత్తరాన బంగ్లాదేశ్, తూర్పున మయన్మార్, అండమాన్ నికోబార్ దీవులు. దక్షిణాన నేల అనే హద్దు లేదు. శ్రీలంక దక్షిణపు కొన అయిన దోండ్రా నుంచి సుమత్రా ఉత్తరపు కొన వరకు ఒక గీత గీసి, దానికి పైన ఉన్నదంతా బంగాళాఖాతంగా లెక్క కడతారు. సగటు లోతు 2,600 మీటర్లు. బాగా లోతైన చోట 4,700 మీటర్లకు దగ్గరగా ఉంటుంది.

ఈ అఖాతానికి ఉన్నన్ని పెద్ద నదులు మరొక అఖాతానికి అరుదు. గంగ, బ్రహ్మపుత్ర, మేఘన, మహానది, గోదావరి, కృష్ణ, పెన్న, కావేరి, అన్నీ ఇందులోకే వస్తాయి. హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన మట్టి సముద్రం అడుగున విసనకర్ర ఆకారంలో పరచుకొని, సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున భూమధ్యరేఖను కూడా దాటి పోయింది. కొన్ని చోట్ల ఆ మట్టి మందం 16 కిలోమీటర్లకు పైనే. అంటే ఎవరెస్టు శిఖరం ఎత్తుకు దాదాపు రెట్టింపు. ప్రపంచంలో ఇంత పెద్ద మట్టి మేట సముద్రం అడుగున మరెక్కడా లేదు.

నదుల వలన మరొక విచిత్రం ఉంది. ఉత్తర భాగంలో నది నీళ్ళు ఉప్పునీటి మీద పలచని పొరగా తేలుతాయి. తేలికైన నీరు కనుక కింది బరువు నీటితో త్వరగా కలవదు. ఎండ వేడి ఆ పై పొరలోనే నిలిచిపోతుంది. ఈ వేడే తుఫానుకు బలం ఇస్తుంది. ఇది ఈనాటి శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిన సంగతి. అయితే ఈ సముద్రం స్వభావం వేరు అని పాతకాలపు నావికులు కూడా ఎరుగుదురు. అది ముందు చూద్దాము.

మన తీరం ఓడలకు అంత అనుకూలమైనది కాదు. పడమటి కనుమల వైపు ఉన్నట్టు ఇక్కడ లోతైన సహజ రేవులు చాలా తక్కువ. ఇసుక మేటలు, ఒడ్డున విరిగే పెద్ద అలలు. పెద్ద ఓడ దూరంగా లంగరు వేసి నిలబడవలసిందే. అక్కడినుంచి మనుషులను, సరుకును ఒడ్డుకు చేర్చేది మసూలా పడవ. దానికి మేకులు ఉండవు. పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు మేకుల పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. ఈ పడవను నడిపిన బెస్తవారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. కానీ వారు లేకుండా ఏ దేశపు ఓడకూ ఈ ఒడ్డున వ్యాపారం జరగలేదు.

గాలి చెప్పిన పాఠం

ఈ సముద్రంలో ప్రయాణానికి మొదటి గురువు గాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి నుంచి వీస్తుంది. అక్టోబరు తరువాత తిరగబడి ఈశాన్యం నుంచి వీస్తుంది. మన తీరం వెంబడి సముద్రపు ప్రవాహాలు కూడా ఋతువును బట్టి దిశ మార్చుకుంటాయి. అరబ్బులు ఒక పనికి తగిన కాలాన్ని 'మౌసిమ్' అన్నారు. అదే ఉర్దూలో మౌసమ్. ఆ మాటే పోర్చుగీసువారి నోట పడి, తరువాత ఇంగ్లీషులో మాన్‌సూన్ అయింది. అంటే ఇంగ్లీషువాడు వానాకాలానికి పెట్టిన పేరు కూడా ఒక నావికుడి మాటే.

మచిలీపట్నం వంటి రేవునుంచి పెగూకు, తెనాసరిమ్‌కు పోయే ఓడ సెప్టెంబరులో బయలుదేరేది. ఈశాన్యపు గాలి నిలకడపడిన తరువాత, వేసవి నడిమికి రాకముందే తిరిగి వచ్చేది. ఒక నెల ఆలస్యం చేస్తే ఒక సంవత్సరం పోయినట్టే. అక్టోబరు, నవంబరు నెలలు తుఫాన్ల కాలం కనుక ఈ తీరాన లంగరు వేసి ఉండడానికే ఓడలు భయపడేవి.

లంగరు, తుఫాను, సరంగు, బందరు అనే మాటలు తెలుగులో ఇంతగా కలిసిపోయాయి గాని, ఇవన్నీ అరబీ, ఫారసీ నుంచి ఓడల మీద వచ్చినవే. నిఘంటువు చూడనవసరం లేదు. కాకినాడలో ఏ జాలరిని అడిగినా ఈ మాటలే చెబుతాడు.

తొలి వ్రాతలు

వ్రాతపూర్వకంగా ఈ తీరం ప్రస్తావన క్రీస్తు శకం మొదటి శతాబ్దంలోనే దొరుకుతుంది. ఈజిప్టులో ఉన్న ఒక గ్రీకు వర్తకుడు ఎర్ర సముద్రం నుంచి మన వైపు వచ్చే దారిని ఒక చిన్న పుస్తకంగా వ్రాశాడు. దాని పేరు పెరిప్లస్. అందులో మసాలియా అని చెప్పిన ప్రాంతం మన కృష్ణాతీరమే. అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని వ్రాశాడు. గంగానది వైపు, సువర్ణభూమి వైపు పోయే పెద్ద ఓడలను గురించి కూడా చెప్పాడు. ఆ ఓడలు మన తీరపువారివి, గ్రీకులవి కావు.

రెండవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ ఈ సముద్రానికి గంగా అఖాతం అని పేరు పెట్టాడు. మైసోలియా అనే ప్రాంతాన్ని, కంటకోస్సిల అనే రేవును పేర్కొన్నాడు. ఈ రేవు కృష్ణా జిల్లాలోని ఘంటసాల అని పండితులు గుర్తించారు. దానికి ఉత్తరాన ఒక చోట ఓడలు తీరాన్ని వదిలి నేరుగా నడిసముద్రంలోకి, సువర్ణభూమి వైపు తిరుగుతాయని చెప్పాడు. అంటే తీరం వెంబడి పాకుతూ పోవడం కాక, అఖాతాన్ని అడ్డంగా దాటడం అప్పటికే మామూలు విషయం. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలమీద రెండు తెరచాపల కొయ్యలున్న ఓడ బొమ్మ ఉన్నది కూడా ఆ కాలంలోనే.

టాలెమీ గొప్ప గణితజ్ఞుడే. కానీ ఆయన పటం చూస్తే నవ్వు వస్తుంది. భారతదేశపు ద్వీపకల్పం దాదాపు కనిపించదు, తీరం అడ్డంగా చదునుగా ఉంటుంది. శ్రీలంక మాత్రం కొండంత పెద్దది. ఆయన ఈ నీళ్ళను చూడలేదు, చూసినవారు చెప్పినది విన్నాడు. ఎన్నో నోళ్ళు మారి చేరిన మాటకు లెక్క కలపబోతే అలాగే అవుతుంది.

క్రీ.శ. 410 ప్రాంతంలో చైనా యాత్రికుడు ఫాహియాన్ గంగ ముఖద్వారం దగ్గరి తామ్రలిప్తి రేవులో ఒక వర్తక ఓడ ఎక్కాడు. చలికాలపు గాలితో పధ్నాలుగు రోజులకు సింహళం చేరాడు. ఆయన ఓడ ఎక్కేసరికే ఆ దారి పాతది, ఆ ఓడ నడిపేవారికి ఏ నెలలో బయలుదేరాలో తెలుసు.

అరబ్బు పుస్తకాలలో హర్కంద్

ఇక ఈ వ్యాసం పేరుకు వద్దాము. హిజ్రీ 237, అనగా క్రీ.శ. 851లో అరబీలో 'అఖ్బారుస్సీన్ వల్‌హింద్' అనే పుస్తకం తయారైంది. సులైమాన్ అనే వర్తకుడి పేరుతో ఇది ప్రసిద్ధం. బస్రా, సీరాఫ్ రేవులనుంచి చైనా పోయే వర్తకులు చెప్పిన విషయాలు ఇందులో ఉన్నాయి. దారిలోని నీళ్ళను ఏడు సముద్రాలుగా విడగొట్టి, ఒక్కొక్కదానికి పేరు పెట్టారు. మూడవ సముద్రం పేరు హర్కంద్. అదే మన బంగాళాఖాతం. తూర్పు బెంగాలుకు పూర్వం ఉన్న హరికేళ అనే పేరునుంచి ఈ మాట వచ్చి ఉంటుందని చరిత్రకారుల అభిప్రాయం.

కేరళలోని కొల్లంలో మంచినీళ్ళు నింపుకొని హర్కంద్‌లోకి ప్రవేశిస్తే, దాన్ని దాటగానే నికోబార్ దీవులు వస్తాయని ఆ పుస్తకం చెబుతుంది. అక్కడివారికి అరబీ రాదు, వర్తకులకు వారి భాష రాదు. అయినా సైగలతోనే ఇనుము ఇచ్చి కొబ్బరికాయలు, అంబరు తీసుకొనేవారు. గాలి రేగినప్పుడు ఈ సముద్రం ఎలా మరుగుతుందో, రాత్రిపూట అలలు ఎలా మెరుస్తాయో కూడా అందులో ఉంది. భయపెట్టడానికి వ్రాసినవి కావు, తరువాత వచ్చే ఓడవారికి ఉపయోగపడాలని వ్రాసినవి.

అదే శతాబ్దంలో అబ్బాసీ ఖలీఫాల కొలువులో టపా శాఖ అధికారిగా పనిచేసిన ఇబ్న్ ఖుర్దాద్‌బిహ్ దేశదేశాల దారులను, దూరాలను ఒక గ్రంథంగా కూర్చాడు. టపా ఎన్ని రోజులకు చేరుతుందో లెక్క కట్టే ఉద్యోగం కదా, దారులను అడిగి వ్రాసుకోవడం ఆయనకు అలవాటు. తూర్పు తీరంలో ఆయన కూదాఫరీద్ అని వ్రాసిన నది ముఖద్వారం గోదావరిదేనని పండితులు గుర్తించారు. ఈ ప్రాంతాల వరి పంటను కూడా ఆయన ప్రస్తావించాడు. 1154లో సిసిలీ రాజు రోజర్ కొలువులో అల్ ఇద్రీసీ ప్రపంచ పటం గీసేటప్పుడు ఇటువంటి గ్రంథాలే ఆయనకు ఆధారం. ఆ పటంలో దక్షిణం పైన, ఉత్తరం కింద ఉంటాయి. పటాన్ని తలకిందులు చేసి పట్టుకుంటే గాని మన కంటికి అలవాటైన ప్రపంచం కనబడదు.

మోటుపల్లి అభయం

సముద్రాన్ని ఎరగడం ఒక ఎత్తు, సముద్రం మీద వచ్చినవారికి ఒడ్డున న్యాయం జరగడం మరొక ఎత్తు. ఆ కాలంలో తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకంతా ఆ నేల రాజుకే చెందేది. ప్రాణాలతో బయటపడిన వర్తకుడు బికారిగా మిగిలేవాడు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. వెనుకటి రాజులు ఇటువంటి సరుకు బలవంతంగా తీసుకున్నారని, తాను మాత్రం ప్రాణాలకు తెగించి వచ్చిన వర్తకుల మీద దయతో నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని అందులో ప్రకటించాడు. 1358లో రెడ్డి రాజు అనవోతారెడ్డి కూడా ఇదే రేవులో అభయం ప్రకటించాడు.

ఈ శాసనం వచ్చిన సుమారు యాభై ఏండ్లకు మార్కోపోలో తన గ్రంథంలో ముత్ఫిలి అని మోటుపల్లిని, అక్కడి రాణిని, వజ్రాలను, సాలెగూడు వంటి సన్నని బట్టలను వర్ణించాడు. న్యాయం ఉన్న రేవుకే ఓడలు వస్తాయి. ఇది ఏ కాలానికైనా వర్తించే మాట.

1340లలో ఇబ్న్ బతూతా మాల్దీవుల నుంచి బయలుదేరి 43 రోజులకు బెంగాలు చేరాడు. అక్కడి సోనార్‌గావ్ దగ్గర చైనా పద్ధతి ఓడ ఎక్కి సుమత్రా వైపు సాగాడు. 15వ శతాబ్దం మొదట్లో చైనా నౌకాధిపతి జెంగ్ హె నౌకలు కూడా ఈ నీళ్ళలో తిరిగాయి. వాటిలో దుబాసీగా వచ్చిన మాహువాన్ సుమత్రా నుంచి నికోబార్ మీదుగా చిట్టగాంగ్‌కు ఇరవై రోజుల దారి అని వ్రాశాడు. 1414లో బెంగాలు సుల్తాను చైనా చక్రవర్తికి ఒక జిరాఫీని కానుకగా పంపాడు. ఆఫ్రికా జంతువు బెంగాలు చేరి, అక్కడినుంచి ఈ అఖాతం మీదుగా చైనా పోయిందంటే ఈ దారులు ఎంత రద్దీగా ఉండేవో ఊహించుకోవచ్చు.

ముఅల్లిములు

ఓడకు యజమాని వేరు, నాఖుదా వేరు. దారి చూపేవాడిని అరబీ నావికులు 'ముఅల్లిమ్' అన్నారు. మదరసాలోని పంతులుగారిని కూడా అదే మాటతో పిలుస్తాము. హిందూ మహాసముద్రపు ఓడలలో అది 'మాలిమ్' అయింది. బడిపంతుళ్ళమైన మాకు ఈ సంగతి తెలిసినప్పుడు కలిగిన సంతోషం వేరే చెప్పనక్కరలేదు.

ఈ ముఅల్లిములలో ప్రసిద్ధుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్. నేటి రసల్ ఖైమా ప్రాంతంలోని జుల్ఫార్‌లో పుట్టాడు. తండ్రి, తాత కూడా ముఅల్లిములే. 1490 ప్రాంతంలో నావిక విద్య మీద 'కితాబుల్ ఫవాయిద్' అనే పెద్ద గ్రంథం వ్రాశాడు. వాస్కోడిగామాకు దారి చూపింది ఈయనే అని ఒక కథ చాలాకాలంగా వాడుకలో ఉంది. నేటి పరిశోధకులు దాన్ని అంగీకరించరు. ఆ ఓడను మలిందీ నుంచి కోళ్ళికోడుకు తెచ్చినవాడు గుజరాతీ అని పోర్చుగీసువారి వ్రాతల వలన తెలుస్తున్నది. మన గొప్పతనానికి లేని కథ తగిలించనక్కరలేదు. ఇబ్న్ మాజిద్‌కు ఆయన గ్రంథం చాలు. గామా కనుగొన్నది కూడా అడిగి తెలుసుకొన్నదే అనడానికి ఆ గుజరాతీ మాలిమ్ చాలు.

బంగాళాఖాతం విషయంలో మరింత ముఖ్యుడు యెమెన్ వైపు షిహర్‌కు చెందిన సులైమాన్ అల్ మహ్రీ. 1511లో ఆయన వ్రాసిన 'ఉమ్దా' అనే గ్రంథంలో ఈ అఖాతపు రేవులు, దీవులు, దారులు, ఏ దారికి ఏ రోజులు అనుకూలమో అన్నీ ఉన్నాయి. 1554లో తుర్కీ నౌకాధిపతి సీదీ అలీ రయీస్ గుజరాతులో ఉండి తన 'ముహీత్' గ్రంథం వ్రాసినప్పుడు ఈ ముఅల్లిముల పుస్తకాలే ఆధారం చేసుకొన్నాడు.

వారి పనిముట్టు చాలా తేలికైనది. దాని పేరు కమాల్. చిన్న చెక్క పలక, దాని మధ్యనుంచి ముడులు వేసిన దారం. దారం కొసను పళ్ళతో పట్టి, పలకను ముందుకు చాచి, పలక అడుగు అంచు సముద్రపు అంచుకు, పై అంచు ధ్రువనక్షత్రానికి సరిపోయేటట్టు చూస్తారు. ఏ ముడి దగ్గర సరిపోయిందో దాన్ని బట్టి నక్షత్రం ఎన్ని 'ఇస్బాలు', అనగా వేళ్ళ ఎత్తున ఉందో తెలుస్తుంది. ఫలానా రేవు దగ్గర ధ్రువనక్షత్రం ఇన్ని వేళ్ళ ఎత్తు అని ముందే నోటికి వచ్చి ఉంటే చాలు. ఆ ఎత్తు వచ్చేవరకు ఉత్తరానికో దక్షిణానికో సాగి, అక్కడినుంచి నేరుగా తిరిగితే రేవు వస్తుంది. ప్రభుత్వ పటం లేదు, గడియారం లేదు. ఒక చెక్క, ఒక దారం, గురువు చెప్పిన లెక్క.

బందరు రోజులు

పోర్చుగీసువారు 1511లో మలక్కాను, మరి కొన్నేళ్ళకు బెంగాలు దారిని పట్టుకున్నారు. 1518లో వారి నౌకాధికారి సిల్వేరా చిట్టగాంగ్ చేరాడు. బెంగాల అఖాతం అనే పేరు ఐరోపా పటాల మీద స్థిరపడింది వారి కాలం నుంచే. కానీ అరేబియా సముద్రంలో లాగా ఇక్కడ వారి పెత్తనం పూర్తిగా సాగలేదు. గుజరాతీలు, తమిళ తీరపు చూలియా ముస్లింలు, తెలుగు కోమట్లు, ఇరానీలు, అర్మేనియన్లు తమ తమ ఓడలు నడుపుతూనే ఉన్నారు.

గోలకొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం ఈ అఖాతంలో పెద్ద రేవుగా ఎదిగింది. మన వాళ్ళు దాన్ని ఇప్పటికీ బందరు అనే అంటారు. బందర్ అంటే ఫారసీలో రేవు. 16వ శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి ఇక్కడి ఓడలు అరేబియా వైపు కూడా పోయాయి. కలంకారీ బట్టలతోపాటు హజ్ యాత్రికులు వాటిలో వెళ్ళేవారు. తూర్పున పెగూ, అరకాన్, మెర్గుయి, అచే వరకు రాకపోకలు ఉండేవి. నరసాపురం దగ్గర ఓడల నిర్మాణం జరిగేది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు బందరులో దిగారు. దిగిన వెంటనే వారు చేసిన పని స్థానిక దుబాసీలను, మాలిములను వెదుక్కోవడమే.

థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు 1669 నుంచి 1679 వరకు ఈ అఖాతం చుట్టూ తిరిగి, చూసిన రేవులను, పడవలను బొమ్మలతో సహా వ్రాసిపెట్టాడు. మసూలా పడవ ఎలా ఉంటుందో కూడా గీశాడు. ఆ వ్రాతప్రతి 1905లో గాని అచ్చు కాలేదు. మరో వైపు, ఇరాన్ షా సయాం రాజు దగ్గరికి పంపిన రాయబార బృందం 1685లో బయలుదేరి మద్రాసు, మెర్గుయి మీదుగా పోయింది. ఆ బృందంలోని లేఖకుడు ఫారసీలో వ్రాసిన 'సఫీనా-ఎ-సులైమానీ' నేటికీ ఉంది. ఒకే సముద్రం మీద ఇంగ్లీషులో ఒకరు, ఫారసీలో ఒకరు వ్రాసుకుంటూ పోయారు. వ్రాసినవారు నిలిచారు. వారికి దారి చూపిన బందరు మాలిములు ఎవరో మాత్రం మనకు తెలియకుండా పోయింది.

కొలతలు, తుఫానులు

18వ శతాబ్దంలో కంపెనీవారు తీరాన్ని పనిముట్లతో కొలవడం మొదలుపెట్టారు. జాన్ రిచీ అఖాతపు తీరాలను, జేమ్స్ రెన్నెల్ బెంగాలు నదులను, ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1788-89లో అండమాన్ దీవులను సర్వే చేశారు. మన తీరాన్ని కొలిచినవాడు మైకేల్ టాపింగ్. కోరంగి రేవు, కృష్ణా గోదావరి ప్రాంతం ఆయన పరిశీలించాడు. 1794లో మద్రాసులో సర్వే నేర్పే పాఠశాల ఒకటి ఆయన ప్రారంభింపజేశాడు. 1796లో మచిలీపట్నంలోనే మరణించాడు.

అయితే ఈ సముద్రం పటంలోని గీతలకు లోబడలేదు. 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగిని ఉప్పెన ముంచింది. వేలమంది చనిపోయారు, ఓడలు పొలాలలోకి కొట్టుకుపోయాయి. ఈ తుఫాన్లను గురించి ఓడల లాగ్ పుస్తకాలన్నీ సేకరించి చదివినవాడు కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్. గాలి నేరుగా కాక చుట్ట చుట్టుకొన్న పాములాగా తిరుగుతుందని ఆ పుస్తకాల సాయంతో వివరించి, 1848లో 'సైక్లోన్' అనే పేరు పెట్టాడు. ప్రపంచమంతా వాడుతున్న ఆ మాట మన అఖాతం నుంచి పుట్టింది. అదీ ఎందరో నావికులను అడిగి తెలుసుకొన్నదే.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నం ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. గోలకొండ నాటి ఆ మహానగరం తిరిగి మునుపటిలా లేవలేదు. 1875లో దేశంలో వాతావరణ శాఖ ఏర్పడింది. 1950లలో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండ్ సహకారంతో ఈ అఖాతపు లోతులను, ప్రవాహాలను పరిశోధించారు. విశాఖకు ఎదురుగా సముద్రం అడుగున లోతైన లోయలు ఉన్నట్టు కనుక్కొన్నారు. వాటిలో ఒకదానికి ఆంధ్ర అని పేరు.

ఇంత తెలిసినా, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు 10,000 మంది ప్రాణాలు పోయాయి. తెలుసుకొన్నది చాలా పల్లెలకు సమయానికి చేరలేదు. 1990 మే నెలలో అదే ప్రాంతానికి మళ్ళీ తీవ్రమైన తుఫాను వచ్చింది. అప్పటికి ఉపగ్రహాలు, హెచ్చరిక యంత్రాలు, ఆశ్రయ భవనాలు వచ్చాయి. లక్షలమందిని ముందుగానే తరలించారు. ఆ తుఫానులో చనిపోయినవారు వేయిమంది లోపు. ఆ ప్రాణాలు కూడా విలువైనవే. కానీ రెండు లెక్కలకు మధ్య ఉన్న తేడాయే తెలిసిన విషయాన్ని అందరికీ చేర్చడం వలన కలిగిన లాభం. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత, 2007 నుంచి హైదరాబాదులోని జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం అఖాతం అంతటికీ సునామీ హెచ్చరికలు ఇస్తున్నది. సముద్రం లేని హైదరాబాదులో కూర్చొని సముద్రాన్ని కనిపెట్టుకొని ఉన్నారు. పూర్వం ముఅల్లిమ్ ఓడ మీద చేసిన పనే ఇది.

మనం చేయగలిగినది

బంగాళాఖాతాన్ని ఎవరు కనుగొన్నారని పిల్లలు అడిగితే ఒక్క పేరు చెప్పలేము. గ్రీకు వర్తకుడు, శాతవాహనుల నావికుడు, చైనా యాత్రికుడు, అరబ్బు ముఅల్లిమ్, గుజరాతీ మాలిమ్, బందరు సరంగు, బెస్త పడవవాడు, సర్వే చేసిన ఇంగ్లీషువాడు, వాల్తేరు శాస్త్రజ్ఞుడు, ఇందరూ కలిసి కనుక్కొన్నారు. ఏ ఒక్క మతానిదీ, దేశానిదీ కాదు. ముందువాడిని అడిగినవాడు ఒడ్డు చేరాడు. తనకు తెలిసింది వెనుకవాడికి చెప్పినవాడు ముఅల్లిమ్ అయ్యాడు. చెప్పకుండా పోయినవాడి విద్య అతనితోనే పోయింది.

కాబట్టి మన యువకులకు ఒక మనవి. తీరం ఊళ్ళలో ముసలి సరంగులు, ఖలాసీలు, తెరచాప పడవ నడిపిన జాలరి పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. ఏ నక్షత్రాన్ని చూసి పడవ తిప్పేవారు, ఏ మబ్బును చూసి వెనక్కి వచ్చేవారు, గాలులకు ఏ పేర్లు పెట్టారు, అడిగి ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. కొన్ని ఇళ్ళలో పాత పెట్టెల అడుగున తాతల కాలపు ఓడ కాగితాలు, ఫారసీ ఉత్తరాలు ఉండవచ్చు. చదవడం రాదని చెదలకు వదలవద్దు. చదవగలిగిన పంతులు మన ఊళ్ళలో ఎవరో ఒకరు తప్పక ఉంటారు. చదువుకొనే పిల్లలు సముద్ర శాస్త్రం, వాతావరణ శాస్త్రం వైపు కూడా చూడండి. ఆ విద్యలో మన పూర్వులకు వెనుకటి పరిచయం ఉంది.

అడిగేవారు ఉన్నంతకాలం చెప్పేవారికి విలువ ఉంటుంది. ఈ పని వచ్చే వేసవి సెలవులలోనే మొదలుపెడితే మేలు. పెద్దలు ఎక్కువ కాలం ఆగలేరు.